ఇంకే గుంత

వాన చినుకు లేకుండానే మీరా హుస్సేన్ బావిలో ఊట పడింది.

అది మార్చి నెల. ముదిగుబ్బ నుంచి నల్లమాడ వైపు పోయే దారిలో, ఎర్రగుట్టపల్లికి మైలు దూరంలో వాళ్ల చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. తోట మధ్యలో తాతల నాటి రాతికట్టు బావి. అది ఎండిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఎండిన బావి అడుగునే బోరు దించి, ఆ నీళ్లతోనే నాలుగెకరాల చీనీచెట్లనూ, తోటలో కట్టుకున్న ఇంటినీ నెట్టుకొస్తున్నారు. అలాంటి బావిలో, మిట్ట వైపు గోడ రాళ్ల సందున ఒక పొద్దున తడి కనిపించింది. మూడోనాటికి ఆ తడి సన్నటి ధారై దిగి, అడుగున చాపంత మడుగు కట్టింది.

మీరా హుస్సేన్ అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడే మనిషి కాదు. ఆయన కూడా ఆ వేళ ఊళ్లోకి వచ్చి, టీ అంగడి ముందు నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. జనం చూడ్డానికి పోయారు. బావి గట్టున బోర్లా పడుకుని లోపలికి తొంగిచూశారు. ఎక్కడో పై చెరువుకు కాలవ నీళ్లు వదిలారట, ఆ చలవేనని కొందరన్నారు. ఇన్నేళ్లుగా ఉపాధి పనుల్లో తవ్విన గుంతల ఫలం ఇప్పటికి కనిపించిందని ఇంకొందరన్నారు. ఈ రెండో మాట అన్నవాళ్లు సరిగ్గానే అన్నారని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ శుక్రవారం మీరా హుస్సేన్ భార్య గౌస్‌బీ చక్కెర మీద ఫాతెహా ప్రార్థన చదివించి, ఊళ్లో ఇంటింటికీ పొట్లాలు పంచింది. ఒక పొట్లం రైతు కేంద్రంలో పనిచేసే జయంతికీ అందింది. జయంతి అందరిలాగే కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది.

జయంతి ఆ ఊరి పశుసంవర్ధక సహాయకురాలు. గొర్రెలకు సూదులు వేయడం, ఆవుల చెవులకు ట్యాగులు కొట్టడం, పథకాల ఫారాలు ఫోనులో నింపడం ఆమె పని. తల్లీ తండ్రీ ఇద్దరూ కూలి చేసినవాళ్లే. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. ఏ ఫారమైనా పంపే ముందు రెండుసార్లు చదివి, మూడోసారి వేలు పెట్టి చదివే రకం.

ఆమె చదువుకు గౌస్‌బీకి చిన్న సంబంధం ఉంది. బస్సు పెద్దరోడ్డు మీదనే ఆగేది. జయంతి ఊళ్లోంచి మైలు నడిచి, తోట గేటు దగ్గర నిలబడేది. ఆమె వీధి పిల్లలకు నీళ్లంటే చెంబెత్తి పైనుంచి దోసిట్లో పోసే ఇళ్లు ఊళ్లో ఇంకా ఉన్న రోజులవి. గౌస్‌బీ మాత్రం తను తాగే ఇత్తడి లోటాతోనే ఇచ్చేది. తాగేదాకా నిలబడి, లోటా తీసుకుని, కడగకుండానే మళ్లీ కుండలో ముంచి తనూ తాగేది. ఆ సంగతి గౌస్‌బీకి గుర్తుందో లేదో కాని, జయంతి మరిచిపోలేదు.

ఉగాది దాటిన వారానికి గౌస్‌బీ రైతు కేంద్రానికి వచ్చింది. కొంగు చాటునుంచి కూల్‌డ్రింకు సీసా తీసి బల్ల మీద పెట్టింది. సీసా నిండా నీళ్లు. వెలుతురుకు పట్టి చూస్తే పల్చటి టీ రంగు. జయంతి మూత తీసి, వెంటనే పెట్టేసింది.

నాలుగు దినాలుగా ఇంటి కొళాయిలో ఇవే వస్తున్నాయని గౌస్‌బీ చెప్పింది. మొదట పైపు మురికేమో అనుకుందట. తొట్టి తోమి, పైపు విప్పి కడిగి, పసుపుగుడ్డ కట్టి వడగట్టింది. రంగు కొంచెం తగ్గింది గాని వాసన తగ్గలేదు. కొడుకు షఫీవుల్లా మోకు పట్టుకుని బావిలోకి దిగి చూశాడు. ఊట మడుగు నిండి బోరు పైపు మూతి లోపలికి పోతోంది. ఆ మడుగులో చెయ్యి పెట్టి వచ్చినవాడు మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నాడు.

"ఆ ఊట యాడిది జయంతీ?" అంది గౌస్‌బీ. "నువ్వు చదువుకున్నదానివి. మిట్ట మీద ఉండేది తిప్పేస్వామి షెడ్డు ఒగటే గదా. అవి ఉండేది ఆడనే గదా."

ఆమె పంది అనే మాట నోటితో అనదు. ఆ ఇంట్లో ఎవరూ అనరు. 'అవి' అంటే చాలు.

జయంతి సీసాను తన వైపు జరుపుకుంది. పరీక్షకు పంపిస్తాను అత్తా, కాగితం వచ్చినాక చెప్తాను, అంతవరకు తాగొద్దండి అంది. గౌస్‌బీ లేచి, మరి యాడివి తాగల్ల అని అడగకుండానే పోయింది.

ఆ సీసా ముందు కూర్చుని జయంతి రెండేళ్ల వెనక్కి పోయింది.

తిప్పేస్వామికి మిట్ట మీద ఏడెకరాల చేను. వరసగా నాలుగేళ్లు వేరుశనగ విత్తి, నాలుగేళ్లూ కాయ లేని కట్టె మాత్రమే పీకాడు. కరువు ప్రాంతంలో రైతు పంట ఒకదాన్నే నమ్ముకోకూడదు, పశుపోషణ వైపు మళ్లాలని కొత్త పథకం వచ్చింది. పందుల షెడ్డుకు సగం ఖర్చు ప్రభుత్వానిది. తిప్పేస్వామి ఇరవై పందులు పెట్టుకుంటానని వచ్చాడు. పథకంలో ఇరవై లేదు. యాభై ఆడవి, ఐదు మగవి ఉండాలి. అంతకు తక్కువైతే ఫారం తెరుచుకోదు. ఆయన యాభైకి సిద్ధపడ్డాడు.

షెడ్డు లేచింది. దాన్ని చూసి, కొలిచి, ఫొటోలు పంపాల్సింది జయంతి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. టేపు పట్టుకుని గది వెడల్పు, గోడ ఎత్తు, నీళ్లతొట్టి లోతు, అన్నీ అంగుళంతో సహా కొలిచింది. ఇన్ని కొలతలు అడిగిన ఆ ఫారం పందుల పేడనీళ్ల గురించి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. వ్యర్థాల గుంత: ఉంది, లేదు.

లేదు. తిప్పేస్వామి ఆ సంగతే మరిచిపోయాడు. ఆ సాయంత్రం ఐదుకు గడువు. జేసీబీ రావాలంటే రెండు రోజులు. ఆయన తల పట్టుకుని షెడ్డు గట్టు మీద కూలబడ్డాడు. కట్టిన మనిషి కళ్ల ముందు అలా కూర్చుంటే జయంతికి చూడబుద్ధి కాలేదు. చుట్టూ చూసింది. చేను దిగువ మూలన, ఉపాధి పని కింద తవ్విన ఫారంపాండు కనిపించింది. నాలుగు పక్కలా మెట్లు మెట్లుగా దిగిన పెద్ద గుంత. తవ్విన ఏడు ఒకసారి నిండి పదిరోజుల్లో ఇంకిపోయింది. ఆ తర్వాత అందులో నీళ్లు చూసినవాళ్లు లేరు. మధ్యాహ్నం పూట మేకలు దిగి నీడకు పడుకునేవి. ఊళ్లో అందరి కళ్లకూ అది ఉత్త గుంతే.

"అదో గుంత ఉండాది గదన్నా," అంది జయంతి. "దాంట్లోకే కాలవ తీయండి. గుంత అంటే గుంతే గదా."

తిప్పేస్వామి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. జయంతి గుంత ఫొటో తీసింది. గట్టు మీద చిన్న రాతిపలక ఒకటి అడ్డం వచ్చింది. 'భూగర్భ జలాల పెంపు కొరకు' అని దాని మీద రాసుంది. అది వేరే శాఖ పలక, ఇందులో కనిపిస్తే గందరగోళమని పక్కకు జరిగి, పలక పడకుండా మళ్లీ తీసింది. తర్వాతి గడిలో, తాగునీటి వనరు నుంచి దూరం ఎంత అని ఉంటే, ఊరి ట్యాంకు దాకా దూరం రాసింది. మీరా హుస్సేన్ బోరు కాగితాల్లో వ్యవసాయ బోరు. పంచాయతీ పైపు తోట దాకా రాలేదు కాబట్టి ఆ ఇంటివాళ్లు దాన్నే తాగుతారు. అది ఫారానికి తెలియదు. జయంతికి తెలుసు. ఆ సమయానికి తోచలేదు.

నీళ్లు నిలవాలని తవ్విన గుంత కాదది. ఇంకాలని తవ్వినది. అడుగున సిమెంటు లేదు, షీటు లేదు. రెండడుగుల ఎర్రమట్టి, దాని కింద నీళ్లు ఆగని గులకమట్టి, మొరుసు. యాభై పందులు పిల్లలు పెట్టి నాలుగొందలయ్యాయి. రోజుకు రెండుసార్లు షెడ్డు కడిగిన నీళ్లు రెండేళ్లపాటు అందులోకి పోతూనే ఉన్నాయి, ఇంకుతూనే ఉన్నాయి. గుంత పొంగలేదు కాబట్టి ఎవరూ దానివైపు చూడలేదు. ఆ పోయినవి ఎక్కడో ఒకచోట తేలాలి కదా. మీరా హుస్సేన్ బావి గోడలో తేలాయి. వాటికే ఊరంతా చక్కెర తిన్నది.

పరీక్ష కాగితం రావడానికి పదకొండు రోజులు పట్టింది. నైట్రేటు ఉండాల్సిన దానికి రెట్టింపు పైన. పేడలో ఉండే క్రిములు ఉన్నాయి. తాగుటకు పనికిరాదు, అని కింద ముద్ర. జయంతి ఆ కాగితం పట్టుకుని ముదిగుబ్బకు పోయి, పశువైద్యాధికారి నరసింహులు ముందు పెట్టింది. ఆయన మంచివాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, నాలుగు ఊళ్ల డాక్టరు పని ఒక్కడే చేస్తూ అలిసిపోయినవాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పందులదే అని దీంట్లో యాడుండాదమ్మా?"

"యాడా లేదు సార్."

"యూరియా ఏసినా ఇదే నైట్రేటు వస్తాది. ఆవులు కట్టేసిన పాక ఉన్నా ఇవే పురుగులు వస్తాయి. వాళ్లకు చెట్లుండాయి, ఆవులుండాయి. అడిగినోడు ఇదే అడుగుతాడు. నేను కాదు, పైనోడు అడుగుతాడు."

అంత మాత్రాన ఊరుకోలేదు. ఆమె ఎదుటే మూడు చోట్లకు ఫోన్లు చేశాడు. కాలుష్యం చూసే ఆఫీసులో, ఇంత చిన్న షెడ్డు మా లెక్కలోకి రాదన్నారు. నీళ్లు చూసే ఆఫీసులో, వ్యవసాయ బోరు నీళ్లు తాగమని మేం చెప్పలేదన్నారు. పథకం ఆఫీసులో మాత్రం చాలాసేపు విన్నారు. విని, గుంత సరిగా లేదని తేలితే ఇచ్చిన సబ్సిడీ వడ్డీతో సహా రైతు దగ్గర వసూలు చేస్తామన్నారు, ఉందని రాసిన ఉద్యోగి మీద చర్య ఉంటుందన్నారు. షెడ్డు ఏమవుతుంది సార్ అని ఈయన అడిగితే, అది రైతు సొంత ఆస్తి, మాకు సంబంధం లేదన్నారు. నరసింహులు ఫోను బల్ల మీద పెట్టి జయంతి ముఖం చూశాడు.

ఆమె ఇంకొక దారి వెతికి పెట్టుకునే వచ్చింది. గ్యాసు గుంత కట్టిస్తే పేడనీళ్లు అందులోకి పోతాయి కదా, దానికి సాయం ఇచ్చే పథకం ఉంది కదా అని అడిగింది. అది ఆవులకూ బర్రెలకే అన్నాడాయన.

"పంది పేడకు గ్యాసు రాదా సార్?"

"వస్తాది. ఆవుపేడ కన్నా ఎక్కువే వస్తాది. ఫారంలో దానికి గడి లేదు."

అడుగున పరిచే ప్లాస్టిక్ షీటుకు వేరే పథకం ఉంది. అది పండ్లతోటల రైతులు మంచినీళ్లు నిలవ చేసుకునే గుంతలకు. తోట ఉన్నది మీరా హుస్సేన్‌కు, గుంత ఉన్నది తిప్పేస్వామికి. ఇద్దరినీ కలిపి ఒక రైతుగా రాయడానికి వీల్లేదు. జయంతి టీ కూడా తాగకుండా బస్సెక్కింది.

తిప్పేస్వామి షెడ్డు దగ్గరే దొరికాడు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు వేసుకుని, పైపుతో గదులు కడుగుతున్నాడు. ఆ నీళ్లు కాలవలో పడి దిగువకు పోతున్న చప్పుడు ఆమె ఇన్నిసార్లు ఆ షెడ్డుకు వచ్చి ఎప్పుడూ వినలేదు, ఆ రోజే విన్నది. కాగితం చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన పైపు కట్టేసి బావి వైపు తిరిగాడు. మీరా హుస్సేన్ చక్కెర పొట్లం ఆయన ఇంటికి కూడా వచ్చింది. పిల్లలు తిన్నారు.

"ఇరవై చాలప్పా అంటి," అన్నాడు. "ఇరవై అయితే ఆ పేడ నా చేనికే చాల్తా ఉండె, ఒగ చుక్క బయటికి పోకుండా. యాభై లేకుంటే లేదనిరి. యాభై అంటే యాభయ్యే ఉంటాయా? పిల్లలు పెట్టొద్దని వాటికి ఎవురు చెప్పల్ల, మీ డాక్టరా? నేనేమన్నా మీరా హుస్సేనన్నకు విషం పెట్టల్లనుకుంటినా పాపా?"

జయంతి తల అడ్డంగా ఊపింది. గుంత చూపించింది నేనేనన్నా అంది. ఆయన ఆ మాట విననట్టు బూట్లు విప్పి మట్టి దులుపుకున్నాడు.

మరుసటి రోజే తిప్పేస్వామి ఊళ్లో ఉన్న ఒకే ఒక ట్యాంకరును, గంగప్పది, మాట్లాడి పేడనీళ్లు ఎత్తించి తన చేలో పోయించాడు. ఎనిమిది రోజులు గుంతలోకి చుక్క పడలేదు. తొమ్మిదోరోజు గంగప్ప ట్రాక్టరు తాళాలు జేబులో వేసుకుని వచ్చాడు. ఎండాకాలం వచ్చేసింది, ఊళ్లకు నీళ్లు తోలాలి, ఇప్పటికే నా ట్యాంకరు నీళ్లు వద్దంటున్నారు, నాలుగు డబ్బాల బ్లీచింగు పోసి కడిగినా నమ్మడం లేదు అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఎవరి బతుకు వాళ్లది. ఆ సాయంత్రం తిప్పేస్వామి కాలవ అడ్డు తీసేశాడు. షెడ్డు ఒకరోజు కడగకపోతే పందులు జబ్బు పడతాయి. పిల్లలను అమ్ముతున్నా మళ్లీ పుడుతూనే ఉంటాయి, తల్లులను అమ్మేద్దామన్నా పథకం నిబంధన ప్రకారం ఐదేళ్లు యాభై లెక్క తగ్గకూడదు.

కాలవ వాలు దిగేది ఆ మూలకే, గుంతను పూడ్చి అక్కడే సిమెంటు గుంత కట్టుకుంటాను అన్నాడు ఆయన. జయంతికి ఆశ పుట్టింది. ఉపాధి పనులు చూసే బసప్పను అడిగింది. బసప్ప ఫోను తెరిచి, ఆకాశంలోంచి తీసిన ఆ చేను బొమ్మ చూపించాడు. గుంత మీద పచ్చచుక్క. ప్రతి ఏడూ ఆ చుక్క కింద గుంత ఉందో లేదో పైవాళ్లు చూస్తారట.

"పూడ్చేకి లేదప్పా. అది ప్రభుత్వ ఆస్తి. పూడిస్తే తవ్వడానికి అయిన ఖర్చు తిప్పేస్వామి కట్టల్ల, మన ఊరికి వచ్చే ఏడు పని కూడా ఆగిపోతాది. గుంత తవ్వేకే మనకు హక్కు, పూడ్చేకి కాదు."

ఆ మాట ఇంట్లో అన్నం తింటూ తల్లికి చెప్పింది జయంతి. సుంకమ్మ ఆ గుంత తవ్విన కూలీల్లో ఒకతె. నలభై రోజులు మట్టి మోసిన మనిషి. మెత్తటి చోట గడ్డపార దిగినట్టు ఆ మొరుసులో దిగేది కాదని, చేతులు బొబ్బలెక్కి సంగటి ముద్ద కూడా పట్టుకోలేకపోయామని ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు కూతురు చెప్పిందంతా విని, కంచంలో చెయ్యి ఆపింది.

"మ్మే, నీళ్లు ఇంకల్లని తవ్వమనిరి. తవ్వితిమి. ఇంకుతాండాయి. గుంత తప్పేముండాది దాంట్లో?"

జయంతి లేచి చెయ్యి కడుక్కుంది. తల్లి వెనకనుంచి, గౌస్‌బీ ఏం తాగుతాంది మరి అని అడిగింది.

ఆ మరునాడు ఆమె తెల్లకాగితం మీద రాసింది. ఫలానా రోజున వ్యర్థాల గుంతగా నేను చూపినది వ్యర్థాల గుంత కాదు, నీటిని ఇంకించుటకు తవ్విన గుంత, ఈ పొరపాటు నాది, రైతుది కాదు. సంతకం పెట్టి నరసింహులు చేతికిచ్చింది. ఆయన చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నాడు.

"ఇది పైకి పోతే నీ ఉద్యోగం పోతాది. తిప్పేస్వామి ఇల్లమ్మల్ల. పందులు మాత్రం ఆడే ఉంటాయి, కాలవా ఆడే ఉంటాది. గౌస్‌బీకి చెంబెడు నీళ్లు దీంట్లోంచి వస్తాయంటే చెప్పు, ఇప్పుడే పంపిస్తా."

జయంతి ఎంత ఆలోచించినా వస్తాయని చెప్పలేకపోయింది. కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

గౌస్‌బీకి ఆ ఊట ఎక్కడిదో ఆమె ఇంకా చెప్పలేదు. నీళ్లు తాగడానికి పనికిరావని, ఎందువల్లో కాగితంలో లేదని మాత్రం చెప్పింది. వాళ్లు తాగడానికి క్యాన్లు కొంటున్నారు. మిగతా అన్నిటికీ, గిన్నెలకు, బట్టలకు, స్నానానికి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే ఐదు పూటల వజూకు ఆ కొళాయి నీళ్లే. వాటి వాసన రోజుకొక తీరుగా ఉండేది. ఒకరోజు ఏమీ లేనట్టే ఉండేది, ఇంకో రోజు ముఖం దగ్గరికి తేనిచ్చేది కాదు.

మే నెలలో ఒక పొద్దున, తోటలో ఆవుకు సూది వేయడానికి జయంతి పోయింది. పని అయ్యాక గౌస్‌బీ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. మీరా హుస్సేన్ అవతల మంచం మీద ఉన్నాడు. గౌస్‌బీ ముదిగుబ్బ మసీదులో నమాజు చేయించే హజరత్‌ను అడిగించిందట. నీళ్ల రంగూ వాసనా రుచీ మారాయా, మారితే దేనివల్ల మారాయి అని ఆయన అడిగారట. మట్టివల్ల, ఆకులవల్ల మారితే దోషం లేదు. 'వాటిది' కలిసి మారితే ఆ నీళ్లతో చేసిన వజూ వజూ కాదు, ఆ నమాజు నమాజు కాదు. ఊరికే అనుమానంతో నీళ్లు వదిలేయవద్దు, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకోండి అన్నారట.

"తెలిసినోళ్లు అంటే మాకు నువ్వే," అంది గౌస్‌బీ. "కాగితంలో లేదని చెప్తివి. కాగితం సంగతి కాదు నేనడిగేది. నీకేం తెలుసో అది చెప్పు."

జయంతి మీరా హుస్సేన్ వైపు చూసింది. ఆయన చేతులు చూసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ల బోరు. దీని పక్కన వేసిన రెండు బోర్లు ఏడొందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. ఇది కాదంటే ఆ ఇంటికి వేరే నీళ్లు లేవు. తెలియదు అత్తా అంటే వాళ్లు ఇలాగే గడుపుకుంటారు. నమాజు కూడా గడుస్తుంది, అనుమానం లెక్కలోకి రాదని హజరతే అన్నారు. ఒక్క 'తెలియదు' అంటే చాలు. ఆఫీసుల్లో అందరూ అంటున్నది అదే మాట.

కాని లోటా కడగకుండా తాగిన మనిషి ఎదురుగా కూర్చుని అడుగుతోంది.

"అది వాటిదే అత్తా," అంది. "మిట్ట మీద గుంతలోంచి దిగుతాండాది. ఆ గుంత తిప్పేస్వామన్నకు చూపించింది నేనే. దాన్ని ఆపేకి నాతో కాలేదు."

గౌస్‌బీ అరవలేదు, ఏడవలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. చెప్పలేను, బావిలో తడి కనిపించక ముందు నుంచే ఉండొచ్చు అంది జయంతి. గౌస్‌బీ పెదవులు కదిలాయి. గడిచిన రంజాన్ నెల, ఆ నెల చేసిన నమాజులు, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నట్టు బొటనవేలు కణుపు కణుపుకూ జరిగింది. తర్వాత లేచి ఇంట్లోకి పోయి, కొళాయి కింద పెట్టిన బిందెను ఎత్తి, నీళ్లు వాకిట్లోని చెట్టు మొదట్లో ఒలకబోసింది. బిందెను బోర్లించింది. మీరా హుస్సేన్ అప్పుడు నోరు తెరిచాడు.

"చెట్లకు పెట్టుకోవచ్చునా?"

పెట్టుకోవచ్చు మామా, చెట్లకు ఏం కాదు అంది జయంతి. ఆయన తల ఊపాడు. ఆయన అడిగింది ఆ ఒక్కటే.

ఆ రోజు నుంచి షఫీవుల్లా రోజూ రెండుసార్లు మోపెడ్‌కు చెరోపక్క బిందెలు కట్టుకుని ఊళ్లోకి వస్తాడు. పంచాయతీ కొళాయి జయంతి వాళ్ల వీధి మొదట్లోనే ఉంది. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లు. ఆడవాళ్లు అతనికి వరస వదులుతారు. కొన్నాళ్లు వదులుతారు, తర్వాత ఏమవుతుందో ఆ వీధిలో పుట్టిన జయంతికి తెలుసు.

జూన్‌లో పథకం తనిఖీ మళ్లీ వచ్చింది. జయంతి షెడ్డుకు పోయింది. తిప్పేస్వామి నమస్కారం పెట్టాడు. తలలు లెక్కపెట్టింది. తొట్టి కొలిచింది. ఫోనులో అదే గడి వచ్చింది. వ్యర్థాల గుంత: ఉంది, లేదు. ఆమె గుంత గట్టు మీదికి పోయి నిలబడింది. కాలవలోంచి నల్లటి నీళ్లు నిదానంగా వచ్చి గుంతలో పడుతున్నాయి. పడినవి పడినట్టే లోపలికి పోతున్నాయి. ఈసారి రాతిపలక కనిపించేలా ఫొటో తీసింది. 'లేదు' నొక్కింది. కారణం రాయడానికి చోటు వస్తుందనుకుంది. రాలేదు. వివరాలు సరిపోలేదు, మళ్లీ నింపండి అని ఎర్రక్షరాలు వచ్చాయి. మూడుసార్లు నొక్కింది, మూడుసార్లూ అదే. ఎండ నెత్తిన మాడుతోంది. నాలుగోసారి 'ఉంది' నొక్కింది. విజయవంతంగా నమోదైంది అని పచ్చక్షరాలు వచ్చాయి. పలక సంగతి అది చూసుకోనేలేదు.

దిగి వస్తుంటే తోట గేటు దగ్గర గౌస్‌బీ కనిపించింది. తప్పించుకుని పోయే దారి లేదు. ఉన్నా పోయేది కాదు. లోపల మోటారు ఆడుతోంది, చెట్ల పాదుల్లోకి నీళ్లు పారుతున్నాయి. ఆ వాసనకు జయంతి ముఖం తిప్పుకోకుండా నిలబడింది. గౌస్‌బీ వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. వాకిట్లో నీలంరంగు డ్రమ్ము మూత తీసి, ఇత్తడి లోటా ముంచి, కింద ఒక్క చుక్క పడకుండా అడుగున అరచెయ్యి పట్టి తెచ్చింది.

"ఎండన పడి వచ్చినావు. తాగు. ఇవి మీ వీధి నీళ్లే."

జయంతి సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఉంది. దాన్ని లోపలికి తోసి, రెండు చేతులా లోటా అందుకుంది. ముప్పావు వంతే నింపింది గౌస్‌బీ. జయంతి సగం తాగి, మిగిలినవి తిరిగి ఇచ్చింది. గౌస్‌బీ ఆ సగాన్నీ వాకిట్లో పారబోయలేదు. డ్రమ్ములోనే పోసి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది.